వేలమంది ముందు పాడగలిగినవారికీ పీటీఎస్‌డీ ఉంటుందా? ప్రముఖుల మాటలను మాలాంటివాళ్లం ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మూడేళ్ల క్రితం ఒక రాత్రి వానలో మేము ప్రయాణిస్తున్న కారు అదుపు తప్పి బోల్తా పడింది. నా పక్క సీటులో ఉన్న స్నేహితురాలు చనిపోయింది. నాకు విరిగిన ఎముకలు నాలుగు నెలల్లో అతుక్కున్నాయి కానీ, తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు వినపడితే ఈ రోజుకీ నా చేతులు చల్లబడతాయి, నోరు ఎండిపోతుంది, పెట్రోలు ఛాయ కూడా లేని గదిలో పెట్రోలు వాసన ముక్కుకు తగులుతుంది. ఎక్కడికి వెళ్లినా గోడకు వీపు ఆనించి, తలుపు కనపడేలా కూర్చుంటే తప్ప నాకు ఎదుటివారి మాటలు చెవికెక్కవు. ఎనిమిది నెలల క్రితం సైకియాట్రిస్టు పరీక్షించి ఇది పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పీటీఎస్‌డీ అని చెప్పారు. థెరపీ మొదలుపెట్టాను, నాలుగు వారాల తరువాత మానేశాను.

ఇంట్లోవాళ్లు నన్ను ప్రేమగానే చూసుకుంటున్నారు. అయితే ఈ మధ్య మా అన్నయ్య ఫోనులో ఒక వార్త చూపించి, "లేడీ గాగాకు కూడా నీకున్నదే ఉందట. ఆవిడ వేలమంది ముందు నిలబడి పాడుతోంది. నువ్వు పది నిమిషాలు కారులో కూర్చోలేవా?" అని అడిగాడు. ధైర్యం చెప్పాలనే అన్నాడని నాకు తెలుసు. కానీ ఆ మాట విన్న దగ్గరినుంచి, ప్రముఖులెవరైనా తమకు పీటీఎస్‌డీ ఉందని చెప్పిన వార్త కనిపిస్తే చదవడానికే భయపడుతున్నాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. రువాండా మారణహోమాన్ని కళ్లారా చూసిన కెనడా సైనికాధికారి రోమియో డాలేర్ గురించి చదివినప్పుడు, ఆయనకు వచ్చిన జబ్బు పేరునే నా తడి రోడ్డుకూ తగిలించుకుంటున్నానని సిగ్గు వేసింది. ఒకరితో పోల్చుకుంటే నేను చేతకానిదాన్ని, ఇంకొకరితో పోల్చుకుంటే నాకు బాధపడే అర్హతే లేదు. ఈ ప్రముఖులు దీనితో నిజంగా ఎలా బతుకుతున్నారు? వాళ్లు బయటపడి చెప్పడం వల్ల మాలాంటివారికి ఏమైనా మేలు ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

అమ్మా, నేను వైద్యుణ్ని కాను. యుద్ధాల చరిత్ర చదువుతూ, దాని వెంబడే ఈ విషయంలోకి వచ్చినవాణ్ని. ముందుగా మీ అన్నయ్యకు చూపించవలసినది మరొకటి ఉంది. లేడీ గాగా తనకు పీటీఎస్‌డీ ఉన్నట్టు మొదటిసారి 2016 డిసెంబరులో, న్యూయార్కులో ఇల్లు లేని యువతకు ఆశ్రయమిచ్చే ఒక కేంద్రానికి వెళ్లినప్పుడు చెప్పారు. 19 ఏళ్ల వయసులో తనపై జరిగిన అత్యాచారమే దానికి మూలమని ఆమె వివరించారు. ఆ వెంటనే తన ఫౌండేషన్ తరఫున ఒక బహిరంగ లేఖ రాశారు. ఇతరులకు మామూలుగా కనిపించే సందర్భాల్లో భయంతో అల్లల్లాడిపోకుండా తన నాడీవ్యవస్థను అదుపులో పెట్టుకోవడం తనకు ప్రతిరోజూ చేయవలసిన పని అని అందులో చెబుతూ, ఆమె ఇచ్చిన ఉదాహరణలు రెండు: ఇంటి గడప దాటి బయటికి వెళ్లడం, అభిమానంతో దగ్గరికి వచ్చిన అపరిచితులు తనను తాకడం. ఆ లేఖ రాసిన రెండు నెలలకే, 2017 ఫిబ్రవరిలో, ఆమె అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ విరామ సమయంలో కోట్లమంది చూస్తుండగా పాడారు. అదే సంవత్సరం సెప్టెంబరులో తీవ్రమైన ఒంటి నొప్పుల వల్ల ఐరోపా పర్యటన వాయిదా వేసుకుని, 2018 ఫిబ్రవరిలో మిగిలిన కచేరీలను రద్దు చేసుకున్నారు. ఆ నొప్పికీ తనకు జరిగిన దానికీ సంబంధం ఉందని ఆమె తరువాత పలుమార్లు చెప్పారు. మీ అన్నయ్య చూసినది ఆ పదిహేను నెలల్లోని ఒక్క సాయంత్రాన్ని. గడప దాటడమే కష్టమని రాసిన మనిషీ, ఆ వేదిక మీద పాడిన మనిషీ ఒక్కరే.

ఇక డాలేర్ విషయం. ఆయన రువాండాలో ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి 1993లోనూ 1994లోనూ అధిపతి. 1994 ఏప్రిల్‌లో హత్యలు మొదలైన తొలి గంటల్లోనే ఆయన దళంలోని 10 మంది బెల్జియం సైనికులు హత్యకు గురయ్యారు. మరిన్ని బలగాలు కావాలని ఆయన అడుగుతుండగా, భద్రతా మండలి ఉన్న దళాన్నే 270 మందికి కుదించాలని తీర్మానించింది. వంద రోజుల్లో దాదాపు 8 లక్షలమంది చనిపోయారు. స్వదేశానికి తిరిగి వచ్చాక ఆయన పనిలో మునిగిపోయి కొన్నేళ్లు నెట్టుకొచ్చారు. 2000లో ఆరోగ్య కారణాలతో సైన్యం నుంచి విరమించవలసి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో, మద్యమూ మందులూ కలిపి తీసుకున్న స్థితిలో, ఒక పార్కు బెంచీ వద్ద స్పృహ లేకుండా ఆయన కనిపించారు. ఆ సంగతి ఆయన దాచలేదు. రేడియోకు ఉత్తరం రాసి తన జబ్బు ఏమిటో తానే చెప్పారు.

సాధారణంగా వార్తలు ఇక్కడితో ఆగి, ఆ తరువాత ఆయన సెనేటర్ అయ్యారు, పుస్తకాలు రాశారు, బాలసైనికుల కోసం సంస్థ పెట్టారు అని ముగుస్తాయి. నేను మిమ్మల్ని చూడమని కోరేది 2013 డిసెంబరును. అప్పటికి రువాండా నుంచి వచ్చి పంతొమ్మిదేళ్లు దాటింది. ఆయన చికిత్సలో ఉన్నారు, మందులు వాడుతున్నారు, గౌరవనీయమైన పదవిలో ఉన్నారు. ఒక ఉదయం పార్లమెంటు ఆవరణలోనే ఆయన కారు ఢీకొట్టారు. రాత్రులు నిద్ర లేకపోవడంతో స్టీరింగు ముందే కునుకు పట్టిందని, కెనడా సైనికుల ఆత్మహత్యల వార్తలూ, దగ్గర పడుతున్న మారణహోమ ఇరవయ్యవ వార్షికమూ తనను నిద్రపోనివ్వడం లేదని ఆయన సెనేట్‌లో నిలబడి వివరించారు. పంతొమ్మిదేళ్ల తరువాత కూడా ఒక తేదీ దగ్గర పడుతుంటే ఒంటికి తెలిసిపోతుందని అంత పెద్ద మనిషి సభాముఖంగా ఒప్పుకోవడమే, నా దృష్టిలో, ఆయన మనకు చేసిన మేలు.

ఇలా చెప్పుకోవడానికి పేరు కూడా లేని కాలం ఒకటి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులలో అత్యధిక పతకాలు పొందినవారిలో ఒకరైన ఆడీ మర్ఫీ, 1945 జనవరిలో ఫ్రాన్సులో చూపిన సాహసానికి ఆ దేశపు అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ అందుకునే నాటికి ఇరవై ఏళ్లు ఇంకా నిండనివాడు. యుద్ధం అయ్యాక సినిమా నటుడయ్యాడు. రాత్రిపూట తలగడ కింద గుండ్లు నింపిన తుపాకి పెట్టుకుని పడుకునేవాడు. నిద్రమాత్రలకు అలవాటుపడి, ఆ అలవాటును వదిలించుకోవడానికి తనను తానే ఒక మోటెల్ గదిలో రోజుల తరబడి బంధించుకున్నాడు. తరువాత కొరియా, వియత్నాం యుద్ధాల నుంచి వస్తున్నవారికి మానసిక వైద్యం అందించాలని ప్రభుత్వాన్ని బహిరంగంగా అడిగాడు. అప్పట్లో దీన్ని 'బ్యాటిల్ ఫెటీగ్', అంటే యుద్ధపు అలసట అనేవారు. ఆయన 1971లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. పీటీఎస్‌డీ అన్న పేరు అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో చేరినది 1980లో.

చివరగా ఒక చిన్న హెచ్చరిక. పాతకాలపు ప్రముఖులకు ఈ జబ్బు అంటగట్టే రాతలు చాలా కనిపిస్తాయి. 1865లో స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదం నుంచి బయటపడిన ఆంగ్ల నవలా రచయిత చార్లెస్ డికెన్స్, ఆ తరువాత మామూలు బండిలో వెళుతున్నా అకస్మాత్తుగా భయం ముంచెత్తేదని ఉత్తరాల్లో రాసుకున్న మాట నిజమే. చదివితే మీ కారు భయమే గుర్తుకు వస్తుంది. అయినా పరీక్షించని మనిషికి రోగనిర్ధారణ చేయలేము కనుక, ఆయనను పోలికగానే ఉంచుకుందాం.

రెండవ సమాధానం

నేను క్లినికల్ సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. మీ రెండు సందేహాలలో రెండవదాని నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే థెరపీ మధ్యలో మానేసినవారిలో చాలామంది నోట నేను ఆ మాటే విన్నాను.

రోగనిర్ధారణలో సంఘటన ఎంత పెద్దదో కొలిచే త్రాసు లేదు. మరణాన్నిగాని, మరణ ప్రమాదాన్నిగాని, తీవ్రమైన గాయాన్నిగాని, లైంగిక హింసనుగాని మనిషి ఎదుర్కొన్నాడా లేదా అనేది మొదటి ప్రశ్న. మీ పక్క సీటులో మీ స్నేహితురాలు చనిపోయింది. ఆ ప్రశ్నకు అంతకంటే జవాబు అక్కరలేదు. ఆ తరువాత చూసేవి లక్షణాలు: జరిగినది పిలవకుండా తిరిగి రావడం, దానిని గుర్తుచేసేవాటినుంచి తప్పించుకు తిరగడం, తన గురించీ లోకం గురించీ ఆలోచనలు చీకటిగా మారడం లేదా మనసు మొద్దుబారడం, ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండడం. ఇవి నెలకు మించి నిలిచి, జీవితాన్ని అడ్డుకుంటుంటే అది పీటీఎస్‌డీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో దాదాపు 70 శాతం మంది జీవితంలో ఏదో ఒక దశలో ఇటువంటి భయానక సంఘటనను ఎదుర్కొంటారు, 3.9 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ వస్తుంది. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్నది పౌరుషాన్ని బట్టి ఉండదు.

గాయం పరిమాణానికీ దాని పర్యవసానానికీ ఎప్పుడూ లంకె ఉండదని తెలుసుకోవడానికి టెన్నిస్ క్రీడాకారిణి మోనికా సెలెస్‌ను చూడండి. 1993 ఏప్రిల్ 30న హాంబర్గ్‌లో ఆట మధ్య విరామంలో ఆమె కోర్టు పక్కన కుర్చీలో కూర్చుని ఉండగా, ప్రేక్షకులలోంచి వచ్చిన ఒక వ్యక్తి వెనుకనుంచి భుజాల మధ్య కత్తితో పొడిచాడు. అప్పటికి ఆమె వయసు 19, ప్రపంచంలో ఒకటో ర్యాంకు, చేతిలో 8 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు. కత్తి దిగినది సెంటీమీటరున్నర లోతు. ఆ గాయం వారాల్లో మానింది. ఆమె మళ్లీ పోటీలకు రావడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఈలోగా పీటీఎస్‌డీ, కుంగుబాటు, ఆపుకోలేని తిండి ఆమెను చుట్టుకున్నాయి. దాడి చేసినవాడికి జైలుకు పంపని శిక్ష పడింది. 1995 ఆగస్టులో తిరిగి వచ్చి తొలి పోటీనే గెలిచారు, 1996 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. జర్మనీలో మాత్రం ఆ తరువాత ఎన్నడూ ఆడలేదు. గ్రాండ్‌స్లామ్ గెలవగలిగిన మనిషి ఒక దేశంలో అడుగుపెట్టి ఆడలేకపోయింది అంటే, సామర్థ్యమూ భయమూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండగలవని అర్థం.

ఇదే మీ అన్నయ్య ప్రశ్నకూ సమాధానం. పీటీఎస్‌డీ మనిషిని అన్ని చోట్లా సమానంగా పట్టుకోదు. వేదిక అనేది వందసార్లు సాధన చేసిన చోటు. ఎప్పుడు దీపాలు వెలుగుతాయో, ఎవరు ఎటు నుంచి వస్తారో, పాట ఎక్కడ ముగుస్తుందో గాయనికి ముందే తెలుసు. మీకు కారు అలాంటిది కాదు. ఎదురుగా వచ్చే లారీ ఏం చేస్తుందో తెలియదు, వాన ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, స్టీరింగు మీ చేతిలో లేదు. లేడీ గాగా పాడడాన్ని మీరు మీ ఉద్యోగం చేయడంతో పోల్చుకోవాలి. మీ కారు ప్రయాణంతో పోల్చవలసి వస్తే, ఆవిడను అపరిచితులు తాకే క్షణంతో పోల్చాలి.

ప్రముఖులకు ఉండే వెసులుబాటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాళ్లు పని ఆపుకోగలరు, మంచి థెరపిస్టును వెతుక్కోగలరు, రద్దీ లేని దారిన వెళ్లగలరు. పైగా వాళ్లు మాట్లాడేది తరచుగా అత్యంత చెడ్డ కాలం గడిచాకే. అందుచేత వాళ్ల వేగంతో మీ వేగాన్ని కొలుచుకోకండి. అయితే చికిత్స పద్ధతులు వాళ్లకూ మీకూ వేరు కావు. ప్రిన్స్ హ్యారీ 2021లో ఒక డాక్యుమెంటరీ కోసం తన ఈఎండీఆర్ చికిత్సను (బాధించే జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదపడమో, భుజాలను మార్చి మార్చి తట్టడమో చేసే థెరపీని) కెమెరా ముందే చేయించుకున్నారు. పన్నెండేళ్ల వయసులో తల్లిని కోల్పోయిన ఆయన, విమానంలో లండన్‌కు వచ్చిన ప్రతిసారీ ఒళ్లు బిగుసుకుపోయే అనుభవం గురించి మాట్లాడుతూ, చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుని రెండు భుజాలనూ మార్చి మార్చి తడుతూ కనిపిస్తారు. అది చూసి, థెరపీ గదిలో ఏం చేస్తారో ముందే తెలిసినందువల్ల భయం తగ్గిందని నా దగ్గరికి వచ్చినవారిలో ఇద్దరు చెప్పారు. ఈఎండీఆర్‌తో పాటు, ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద కేంద్రీకరించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, అందులో భాగమైన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (తప్పించుకుంటున్నదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం), కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (జరిగినదాని గురించిన ఆలోచనలను పరిశీలించడం) అనే పద్ధతులకు గట్టి ఆధారాలు ఉన్నాయి. మందులలో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ కొందరికి ఉపయోగపడతాయి.

ఈ పద్ధతులన్నింటిలోనూ మొదటి కొన్ని వారాల్లో లక్షణాలు కొంత పెరిగినట్టు అనిపించవచ్చు, ఎందుకంటే ఇన్నాళ్లూ తప్పించుకున్నదాని ముందు కూర్చుంటున్నారు. మీరు మానేసినది నాలుగో వారంలో అని రాశారు. మీ థెరపిస్టు ఆ సంగతి ముందే చెప్పి ఉండాలి. చెప్పకపోతే అది మీ లోపం కాదు.

మూడవ సమాధానం

నా భర్త పద్నాలుగేళ్లు సైన్యంలో పని చేశారు. పైన రాసినవారి జవాబులు రెండూ విలువైనవే. కానీ ప్రముఖులు చెప్పేది తేరుకున్నాకే అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మా ఇంటిని మార్చిన సంగతి సరిగ్గా దానికి వ్యతిరేకమైనది.

జేసన్ కాండర్ అనే అమెరికా రాజకీయ నాయకుడు ఉన్నారు. సైన్యంలో ఇంటెలిజెన్స్ అధికారిగా అఫ్గానిస్తాన్‌లో కొన్ని నెలలు పని చేశారు. తరువాత మిస్సోరీ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ అయ్యారు, 2016లో సెనేట్ ఎన్నికలో ఓడినా దేశమంతటా పేరు వచ్చింది. 2018లో కాన్సాస్ సిటీ మేయర్ పదవికి పోటీ చేస్తూ, గెలుపు అవకాశాలు బాగా ఉన్న సమయంలో, అక్టోబరు మొదట్లో ఉన్నట్టుండి పోటీ నుంచి తప్పుకున్నారు. పదకొండేళ్లుగా పీటీఎస్‌డీ నుంచీ కుంగుబాటు నుంచీ పరుగెత్తి తప్పించుకోవాలని చూశానని, ఇక పరుగు ఆపి చికిత్సకు వెళుతున్నానని, తనకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని ప్రజలకు రాశారు. ఆయన అప్పటికి తేరుకోలేదు. చికిత్స అప్పుడే మొదలుపెట్టారు.

ఆ ప్రకటనలో ఒక చిన్న వివరం ఉంది. కొన్ని నెలల ముందే సహాయం కోసం మాజీ సైనికుల వైద్య విభాగం ఫారాలు నింపానని, కానీ తన అసలు లక్షణాలను ఒప్పుకోవడానికి భయపడి కొన్ని గడులను టిక్కు పెట్టకుండా వదిలేశానని ఆయన రాశారు. నేను దానిని మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్లి, బీరువాలో బట్టల కింద నుంచి ఒక కాగితం తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు. అది ఏడాది క్రితం ఒక వైద్యుడు నింపమని ఇచ్చిన ఫారం. నిద్ర గురించిన ప్రశ్నకు 'బాగానే పడుతుంది' అని రాసి ఉంది. అప్పటికి మూడేళ్లుగా ఆయన హాలులో సోఫా మీద, లైటు ఆర్పకుండా, బూట్లు విప్పకుండా కూర్చుని తెల్లవారే దాకా కునుకుపాట్లు పడుతున్నారు. తిరిగి పక్కన పడుకుంటే నిద్రలో నన్ను కొడతానేమోనని ఆయన భయం. ఒకసారి అలా జరిగింది కూడా.

కాండర్ విషయంలో మీకు పనికివచ్చేది మరొకటి ఉంది. ఆయన కాల్పుల్లో పాల్గొనలేదు. తోటివారు చూసిన యుద్ధంతో పోలిస్తే తనది యుద్ధమే కాదని, కాబట్టి పీటీఎస్‌డీ అనే మాటకు తాను తగనని ఏళ్ల తరబడి తనకు తాను చెప్పుకున్నారు. నిజానికి ఆయన చేసిన పని, ఎవరు ఎటువంటివారో తెలియని మనుషులతో, సాయానికి ఎవరూ లేని చోట, తిరిగి వస్తామో రామో తెలియని సమావేశాలకు వెళ్లడం. మీరు 'తడి రోడ్డు' అని రాసినప్పుడు నాకు వెంటనే ఆయనే గుర్తుకు వచ్చారు. అమెరికా గాయని అరియానా గ్రాండే కూడా ఇటువంటి మాటే అన్నారు. 2017 మే 22న మాంచెస్టర్‌లో ఆమె కచేరీ ముగిసిన వెంటనే జరిగిన బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. ఏడాది తరువాత ఒక పత్రికతో తన పీటీఎస్‌డీ లక్షణాల గురించి మాట్లాడుతూ, అంతమంది అంత పోగొట్టుకున్నప్పుడు తన అనుభవం గురించి నోరు విప్పడమే తప్పేమో అనిపిస్తుందని ఆమె చెప్పారు. బాధకు అర్హత లేదన్న భావన మీ ఒక్కరిదే కాదు. ఈ జబ్బు ఉన్న ఎంతోమందిలో అది కనిపిస్తుందని ఇంట్లో ఉండి చూసినదాన్నిగా చెబుతున్నాను.

ప్రముఖుల వార్తల వల్ల చెడు కూడా జరుగుతుంది, అది దాచకూడదు. ఎవరైనా పేరున్న మాజీ సైనికుడు ఆత్మహత్య చేసుకున్నట్టు వార్త వస్తే, ఆ వారమంతా మా ఇంట్లో టీవీ పెట్టము. మా ఆయనకు అటువంటి రోజుల్లో ఫోన్ చేయడానికి ఒక నంబరు, ఒక స్నేహితుడు ముందే ఏర్పాటై ఉన్నారు. మీకూ అటువంటి ఆలోచనలు వస్తే, దయచేసి ఆ రోజే హెల్ప్‌లైన్‌కు గాని, దగ్గరి ఆసుపత్రికి గాని వెళ్లండి. మరునాటికి వాయిదా వేయకండి.

ఆయన ఇప్పుడు మంచం మీదే పడుకుంటున్నారు. లైటు వెలుగుతూనే ఉంటుంది. నవంబరు నెల వస్తే మళ్లీ సోఫా మీదికి వెళతారు, రెండు వారాల తరువాత తిరిగి వస్తారు. డాలేర్ కారు ప్రమాదం గురించి పైన చదివినప్పుడు, ఆ నవంబరును నేను ఇక ఓటమిగా లెక్కపెట్టనక్కరలేదు అనిపించింది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. అన్నయ్యకు మొదటి జవాబు చదివి వినిపించాను. గడప దాటడం, అపరిచితులు తాకడం అన్న చోట ఆగమని, మళ్లీ చదవమని అడిగాడు. తరువాత, "అయితే కారు సంగతి నేను తప్పుగా పోల్చాను" అన్నాడు. అంతకుమించి ఏమీ మాట్లాడుకోలేదు.

మూడవ జవాబు చదివాక నేను కూడా నా పాత కాగితాలు తీశాను. ఎనిమిది నెలల క్రితం నన్ను నింపమన్నది గడిచిన నెలలో ఏ లక్షణం ఎంతగా వేధించిందో సున్నా నుంచి నాలుగు వరకు గుర్తుపెట్టవలసిన ఇరవై ప్రశ్నల పత్రం. జరిగినదానికి మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారా అన్న ప్రశ్నకు నేను సున్నా పెట్టాను. అది అబద్ధం. ఆ రాత్రి బయలుదేరే ముందు కిటికీ పక్కన కూర్చుంటే నాకు వాంతి వస్తుందని చెప్పి, నేనే తనతో సీటు మార్చుకున్నాను. ఈ సంగతి ఇప్పటివరకు మా ఇంట్లోనూ చెప్పలేదు, థెరపిస్టుకూ చెప్పలేదు. నాలుగో వారం తరువాత వెళ్లకపోవడానికి కారణం కూడా అదే. తరువాతి సిట్టింగులో ఆ రాత్రిని మొదటి నుంచి చెప్పాలని ఆవిడ అన్నారు. మొదట ఉన్నది సీటు సంగతే.

ఇప్పుడు తిరిగి వెళితే ఆవిడ ఏమనుకుంటారు? మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుందా?

రెండవ సమాధానం రాసినవారు

ఆవిడ ఏమీ అనుకోరు. మధ్యలో మానేసి తిరిగి రావడం మా పనిలో తరచుగా చూసే సంగతే. మొదటి నాలుగు వారాల్లో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు, కొద్దిగా గుర్తుచేసుకుని ముందుకు సాగుతారు.

మీరు రాసిన సీటు సంగతి చాలా ముఖ్యమైనది. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో సాధారణంగా ఉండే పన్నెండు సిట్టింగులలో పెద్ద భాగం ఇటువంటి ఆలోచన చుట్టూనే నడుస్తుంది. సీటు మారిన క్షణంలో మీకు ఏమి తెలుసు, ఏమి తెలియదు, ఏమి ఉద్దేశించారు, జరిగిన తరువాత తెలిసినదాన్ని వెనక్కి తీసుకెళ్లి ఆ క్షణం మీద ఎలా మోపుతున్నారు అన్నవి కాగితం మీద రాయించి, ఒక్కొక్కటిగా మీతోనే పరిశీలింపజేస్తారు. "అది మీ తప్పు కాదు" అని ఇక్కడ నేను ఒక్క వాక్యంలో రాస్తే మీరు నమ్మరు, నమ్మనక్కరలేదు. మీ అంతట మీరు లెక్క చూసుకోవడానికే ఆ సిట్టింగులు.

నోటితో చెప్పడం కష్టమైతే, పైన మాకు రాసిన నాలుగు వాక్యాలనే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి, లోపలికి అడుగుపెట్టగానే ఆవిడ చేతికివ్వండి. ఇరవై ప్రశ్నల పత్రం కొత్తది అడిగి తీసుకోండి. పాతదాన్ని చింపకండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం ఆవిడకు ఉపయోగపడుతుంది. ఆ రోజు అన్నయ్యను తోడు తీసుకెళ్లి బయట కూర్చోమనండి. కారులోనే వెళ్లాలని పట్టుబట్టకండి, నడవగలిగిన దూరమైతే నడిచే వెళ్లండి. కారు ఎక్కడం కూడా చికిత్సలో భాగమే. అయితే దాని వంతు వచ్చినప్పుడు ఆగి ఉన్న కారులో, తలుపు తెరిచి, ఇంజను ఆపి మొదలుపెడతారు.

ప్రశ్న అడిగినవారు

గురువారం సాయంత్రం నాలుగున్నరకు సమయం ఇచ్చారు. కాగితం రాశాను. అన్నయ్య వస్తానన్నాడు, నడిచే వెళతాము.